మూగవోయిన మీటలు
ఇంటి ల్యాప్‌టాపునకు గృహిణి చేయదగిన చికిత్స

సంసారము నడుపు స్త్రీకి యంత్రములు క్రొత్తవి కావు. కుట్టుమిషను మాటిమాటికి దారము తెంచుచుండినచో సూది వంగినదేమో యని చూతుము. గ్యాసుపొయ్యి మంట యెఱ్ఱబారినచో బర్నరు రంధ్రములలో పొంగిన పాలు గడ్డకట్టినవని గ్రహింతుము. రోలు నునుపెక్కినచో గంట్లు కొట్టింతుము. అంతియేకాని పొయ్యిని పారవేయము, మిషనును అమ్మివేయము. లోపమెచ్చట నున్నదో మొదట విచారించి, మనచేత నగుదానిని మనము చేసికొని, కానిదానిని పనివాని కొప్పగింతుము. ఇంటి పనులన్నిటియందును మనకు తోడైయున్న యీ వివేకము, ల్యాప్‌టాపులో నొక మీట పలుకకపోయినంతనే మనలను విడిచిపోవుట యేల? ఆ యంత్రమును మూసి పెట్టి, పురుషులు వచ్చువరకో సెలవులకు పిల్లవాడు వచ్చువరకో ఎదురుచూచుట యేల?

ఈ ప్రశ్న వినోదమునకై వేసినది కాదు. 2020వ సంవత్సరము మార్చి నెలలో బడులు మూతపడినది మొదలు ల్యాప్‌టాపు మధ్యతరగతి గృహములలో పలకయు, పుస్తకమును, బడియు నైనది. బడులు మరల తెరచినను అది యింటిని విడిచి పోలేదు. టెక్కలివంటి యూరిలో నొక యింట కాలేజీలో చదువు పిల్ల తన పాఠములు దానియందే వ్రాసికొనును. మఱియొక యింట కోడలు విశాఖపట్టణమునందలి కంపెనీ కొలువును ఇంటినుండియే చేయును. విద్యార్థి వేతనమునకు, ప్రవేశ పరీక్షకు, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టవలసినదియు దానిమీదనే. ఇట్టి యంత్రమున నొక్క మీట మూగవోయిన దనుకొనుడు. ఆ మీటపైని యక్షరము సంకేతపదమునందు, అనగా పాస్‌వర్డునందు, ఉన్నచో తలుపు తెరచుకొననే తెరచుకొనదు. దరఖాస్తు గడువు సాయంకాలముతో ముగియుచుండగా నిట్లు జరిగిన యింటిలోని యాందోళనము పడినవారికే తెలియును.

కావున మూగ మీటకు కారణములేవి, వానిని కనుగొను క్రమమేది, మన చేయి యెచ్చట నాగవలయును అను మూడు సంగతులను సోదరీమణులకు విన్నవింపదలచితిమి. ఇందు ఇంజనీర్లకే తెలియు రహస్య మేమియు లేదు.

మీట క్రింద నేమున్నది?

పైన కనబడునది అక్షరము వ్రాసిన ప్లాస్టిక్కు బిళ్ళ. దాని క్రింద కత్తెర కాళ్ళవలె నొకదాని నొకటి దాటుచుండు రెండు చిన్న చట్రములు. వాని నడుమ మెత్తని రబ్బరు బుడిపె. వేలితో నొక్కగనే బుడిపె యణగును. వేలు తీయగనే మీటను మరల పైకెత్తును. ఈ బుడిపెల క్రింద మిక్కిలి పలుచనివగు ప్లాస్టిక్కు పొరలు మూడు. పై పొరమీదను క్రింది పొరమీదను విద్యుత్తు ప్రవహించు సన్నని గీతలు అచ్చువేయబడి యుండును. నడిమి పొర యా రెంటిని అంటుకొననీయక వేఱుగ నుంచును. మీటలున్న తావులయందు మాత్రము దానికి రంధ్రములుండును. మనము నొక్కినపుడు ఆ రంధ్రముగుండ పై గీత క్రింది గీతను తాకును. ఆ తాకుడే తెరపై నక్షరమగుచున్నది.

ప్రతి మీటకును వేఱు వేఱు తీగ యుండునని తలంపరాదు. చుక్కల ముగ్గును తలచుకొనుడు. అడ్డవరుసలు కొన్ని, నిలువువరుసలు కొన్ని. వరుసలు కలిసికొను చుక్క యొక్కొక్కటి యొక్కొక్క మీట. యంత్రములోని చిన్న నియామకుడు ప్రతి క్షణమును ఈ వరుసలను పలుమాఱులు తడవి చూచుచు, ఏ యడ్డగీత యే నిలువుగీతను తాకినదో కనిపెట్టి, దానినిబట్టి యక్షరమును నిర్ణయించును. ఈ గీతలన్నియు తుదకొక వెడల్పైన రిబ్బను తీగగా కలిసి లోపలి పలకకు చేరును.

ఈ నిర్మాణము తెలిసినచో రోగ లక్షణములు తమంతట తామే మాటలాడును. ఒక్క మీట మాత్రమే పలుకకున్నచో దాని క్రింద నలుసు చేరినదనియో, దాని బుడిపె చెడినదనియో యూహింపవచ్చును. ఒకచోటను మఱియొకచోటను నున్న నాలుగైదు మీటలు ఒక్కసారిగా మూగవోయినచో ఒక వరుస గీత తెగినదని యనుమానింపవలయును. ఏలనన లోపల నొకే వరుసకు చెందిన మీటలు పైకి ప్రక్కప్రక్కనే యుండవలయునను నియమము లేదు. అన్నియు నొక్కమాఱు నిలిచిపోయినచో రిబ్బను తీగ వదులైనదో, లేక యంత్రమున కిచ్చిన యాజ్ఞలలో నేదో తారుమారైనదో కావలయును. కాబట్టి మొదట చేయవలసిన పని యిది. ఒక కాగితము తీసికొని, వ్రాతకు తగిన పుటను తెరపై తెరచి, ప్రతి మీటను వరుసగా నొక్కి, పలుకని వానిని, రెండేసిమాఱులు పలుకు వానిని, గట్టిగా నొక్కిననే కాని పలుకని వానిని వేఱు వేఱుగా వ్రాసికొనవలయును. వైద్యునికి జ్వరము పట్టీ యెట్టిదో యంత్రమునకు నీ పట్టీ యట్టిది.

తప్పు మీటదా, ఆజ్ఞదా?

పట్టీ వ్రాసికొన్న పిమ్మట యంత్రమును పూర్తిగా నార్పి మరల ప్రారంభింపవలయును. మూత మూసి తెరచుట యార్పుట కాదు. సగము తడబడిన యాజ్ఞలు పెక్కు ఈ యొక్క పనితో చక్కబడును.

అప్పటికిని చక్కబడనిచో ఈ సంగతులు చూడవలయును. కొన్ని పాత ల్యాప్‌టాపులలో సంఖ్యలకు వేఱుగ మీటలుండవు. కుడివైపు అక్షరములే సంఖ్యలుగ మారును. 'నమ్ లాక్' అను మీట పొరబాటున పడినచో 'జె' నొక్కిన 1, 'కె' నొక్కిన 2, 'ఎల్' నొక్కిన 3 వచ్చుచుండును. అక్షరములు చెడినవని మనము భ్రమపడుదుము. ఆ మీటను మరల నొక్కుటయే దీనికి మందు.

విండోసు పద్ధతిగల యంత్రములలో 'ఫిల్టర్ కీస్' అను నేర్పా టొకటి కలదు. చేతులు వణకువారికై దానిని కల్పించిరి. క్షణకాలము మాత్రమే తాకిన మీటను అది లెక్కింపదు. కుడివైపు షిఫ్టు మీటను ఎనిమిది సెకనులు అణచి పట్టినచో నీ యేర్పాటు కావలయునా యని యంత్ర మడుగును. ఒడిలోని పసిబిడ్డ దానిపై చేయి వేసి యుంచినను అడుగును. చదువక 'సరే' యన్నచో, ఆ మీదట ఎంత వేగముగ వ్రాసినను అక్షరములు పడవు. సెట్టింగులలో 'యాక్సెసిబిలిటీ' అను శీర్షిక క్రింద కీబోర్డు భాగమున దీనిని తీసివేయవచ్చును.

తెలుగు వ్రాయు సోదరీమణులకు మఱియొక చిక్కు కలదు. ఆంగ్లమునుండి తెలుగునకును, తెలుగునుండి యాంగ్లమునకును మారు ఏర్పాటు తెలియకయే మారిపోవుచుండును. విండోసు మీటను, స్పేసు మీటను కలిపి నొక్కినచో భాష మారును. తెరకు క్రింది మూలను ఏ భాష యున్నదో కనబడును. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చుల గుర్తులు ఎడమచేతి వైపునను, హల్లులు మిక్కిలిగా కుడిచేతి వైపునను అమర్పబడినవి. ఇందు ఆంగ్లపు 'డి' మీటయే పొల్లు గుర్తు. ఒత్తక్షరములన్నియు దానివలననే యేర్పడును. షిఫ్టుతో కలిపినచో నదియే 'అ' కారము. ఈ యొక్క మీట మూగవోయినచో 'అమ్మ' యని వ్రాయబోయిన బిడ్డకు తెరపై 'మమ' యని మాత్రమే కనబడును. ఒక్క మీట యే కదా యని యుపేక్షింపరాదనుట కింతకన్న నిదర్శనము వలదు.

ఇన్ని చూచిన పిమ్మటను మీట పలుకనిచో, తప్పు యంత్ర శరీరమునందా, ఆజ్ఞలయందా యని తేల్చు పరీక్షలు రెండున్నవి. మొదటిది, పొరుగింటనుండియైనను ఒక బయటి కీబోర్డు తెచ్చి యు.ఎస్.బి. రంధ్రమున తగిలించుట. దానిపై నన్నియక్షరములు చక్కగా పడుచు, ల్యాప్‌టాపు మీటలు మాత్రము పడకున్నచో లోపము చాలవఱకు ఆ మీటల పలకయందే యని తెలిసికొనవచ్చును. రెండవది, యంత్రము ప్రారంభమగుచున్నపుడు, విండోసు రాకమున్నే, తయారీదారు చెప్పిన మీటను నొక్కి లోపలి యేర్పాటుల పుటలోనికి పోవుట. కొన్నిటికి ఎఫ్ 2, కొన్నిటికి ఎఫ్ 10, కొన్నిటికి డిలీట్ మీట. అచ్చట బాణపు గుర్తు మీటలు పనిచేసి, విండోసులో పనిచేయకున్నచో తప్పు ఆజ్ఞలది. ఆ పుటలో దేనిని మార్పక, మార్పులు భద్రపరచక వెలుపలికి రావలయును.

తప్పు ఆజ్ఞలదే యని తేలినచో, మౌసుతో 'డివైస్ మేనేజరు'ను తెరచి, కీబోర్డుల శీర్షిక క్రిందనున్న పేరును తొలగించి, యంత్రమును మరల ప్రారంభింపవలయును. విండోసు దానిని తానే మరల చేర్చుకొనును.

గడువు దగ్గఱపడినవారికి ఒక యుపాయము. తలుపు తెరచు పుటయందే, తెరకు క్రింది మూలను, 'యాక్సెసిబిలిటీ' గుర్తు కలదు. దానిని మౌసుతో నొక్కి 'ఆన్ స్క్రీన్ కీబోర్డు'ను కోరినచో మీటలన్నియు తెరపైననే చిత్రముగ వచ్చును. మూగవోయిన యక్షరమును అందు మౌసుతో నొక్కి, సంకేతపదమును పూర్తిచేసి, దరఖాస్తును ఆ పూటకు ముగించుకొనవచ్చును. చికిత్స మరునాడు చేసికొనవచ్చును.

నలుసు చేసిన పని

మా ప్రాంతమున తినుబండారములకు కొదువ లేదు. పలాస జీడిపప్పు, ఉద్దానపు కొబ్బరి, సాయంకాలము జంతికలు, మరమరాలు. చదువుకొను పిల్లల ప్రక్కన నొక పళ్ళెము పెట్టుట తల్లికి ముచ్చట. కాని జీడిపప్పు పలుకు, జంతిక రజను మీటల సందున పడినచో కత్తెర చట్రము కదలదు. నూనె చేతుల జిడ్డు ధూళిని పట్టియుంచి, నాళ్ళు గడచుకొలది మీటల చుట్టును బంకగా మారును. టెక్కలి చుట్టుపట్ల గ్రానైటు రాతి పనులున్న తావులలో సన్నని రాతిపొడి గాలితో గదులలోనికి వచ్చును. ఇట్టివన్నియు కీబోర్డునకు శత్రువులే.

నలుసును చులకన చేయరాదనుటకు లోకప్రసిద్ధమైన యుదాహరణ మొకటి కలదు. అమెరికాలోని యాపిల్ సంస్థ 2015లో తన ల్యాప్‌టాపులకు మిక్కిలి పలుచని సీతాకోకచిలుక పోలిక మీటల నమర్చెను. వానిలో చిన్న నలుసు చేరినను మీట యంటుకొనిపోవుచున్నదని కొనినవారు మొఱపెట్టిరి. 2018 జూనులో సంస్థ ఆ కీబోర్డులను ఉచితముగ బాగుచేయుట కొప్పుకొనెను. 2019లో మరల కత్తెర చట్రములకే మరలెను. 2022లో ఆ వ్యాజ్యమును ముగించుటకు 5 కోట్ల డాలర్ల నిచ్చుట కంగీకరించెను. అంతటి సంస్థనే నలుసు న్యాయస్థానమున కీడ్చినపుడు మన యింటి యంత్రమునం దది చేయు పనికి ఆశ్చర్యపడ నేల?

శుభ్రపరచు విధము: యంత్రము నార్పి, ఛార్జరును తీసివేయవలయును. పిమ్మట దానిని తెరచియుంచి, దాదాపు నిలువుగ వంచిపట్టి, వెనుకనుండి మెల్లగా తట్టినచో వదులుగనున్న నలుసులు రాలును. మెత్తని కుంచెతో మీటల సందులను వరుసగా నూడ్వవలయును. కంప్యూటరు దుకాణములలో దొరకు గాలి డబ్బాతోగాని, కెమెరాలు తుడుచువారు వాడు రబ్బరు బుడ్డితోగాని, యెడమనుండి కుడికి గాలి కొట్టి, యంత్రమును ప్రక్కకు త్రిప్పి మరల కొట్టవలయును. నోటితో ఊదరాదు, శ్వాసతోపాటు తడియు లోపలికి పోవును.

జిడ్డునకు నీరు పనికిరాదు. మందుల దుకాణమున ఐసోప్రొపైల్ ఆల్కహాలు అడిగి తెచ్చుకొని, మెత్తని గుడ్డను దానితో చెమర్చి, పిండి, మీటలను తుడువవలయును. ద్రవమును మీటలపై పోయరాదు. చేతులకు రాచుకొను శానిటైజరు దీనికి బదులు కాదు. వానిలో పెక్కింట చర్మమునకు మెత్తదనమునకై గ్లిజరిను కలుపుదురు, అది మీటలపై జిగటగా నిలుచును. ఆల్కహాలునకు నిప్పంటుకొను స్వభావము కలదు కాన వంటగదిలోను, దీపము ముందఱను ఈ పని చేయరాదు.

తడియు, ఉప్పును

నలుసు వదలినను వదలనిది తడి. అందును సముద్రతీరపు తడి మఱింత చెడ్డది. వానకాలమున మన ఉప్పుజాడీ చూడుడు. మూత సరిగా లేకున్న తెల్లవారుసరికి ఉప్పు చెమ్మగిల్లి యుండును. గాలిలోని తడిని పీల్చుకొనుట ఉప్పునకు స్వభావము. నౌపడా ఉప్పుమళ్ళు చూచినవారికి మన గాలిలో ఉప్పున్నదని వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఆ గాలిలోని ఉప్పును, వేళ్ళ చెమటలోని ఉప్పును మీటల సందులలో చేరి, తడిని పీల్చి, లోపలి సన్నని గీతలను మెల్లమెల్లగా తినివేయును. కిటికీ ఇనుప కడ్డీలు త్రుప్పు పట్టుటకును దీనికిని మూలమొక్కటే. కనుక తీరప్రాంతపు ఇండ్లలో ల్యాప్‌టాపును కిటికీ క్రింద తెరచి యుంచి నిద్రపోరాదు. పని ముగియగనే మూసి, సంచిలో నుంచి, బీరువాలోనో, తడి తగులని యరమీదనో పెట్టవలయును.

ఇక ఒలికిన ద్రవము మాట. మంచినీటికన్న చక్కెర వేసిన తేనీరు చెడ్డది. ఆఱిన పిమ్మటను జిగట మిగులును. కొబ్బరినీళ్ళు ఇంకను చెడ్డవి. వానిలో చక్కెరయు లవణములును రెండు నున్నవి. ఏది యొలికినను మొదటి నిమిషమున చేయు పనిమీదనే యంత్రపు ప్రాణము ఆధారపడి యుండును. వ్రాయుచున్నది భద్రపరచుకొనవలెనని ప్రాకులాడరాదు. వెంటనే గోడవద్ద స్విచ్చి నార్పి, ఛార్జరును లాగివేయవలయును. పిమ్మట యంత్రపు మీటను యంత్ర మాఱువఱకు అణచి పట్టవలయును. తగిలించిన మౌసు, పెన్‌డ్రైవు మొదలగువానిని తీసివేసి, పైతడిని గుడ్డతో నద్ది, ల్యాప్‌టాపును కప్పుదూలమువలె తలక్రిందుగా బల్లపై బోర్లించి, ఫ్యాను గాలిలో నుంచవలయును. ఒకటి రెండు దినములు గడచువఱకు 'పనిచేయుచున్నదా' యని తెరచి చూడరాదు. తడి యంత్రమును చెఱచునది నీరొక్కటే కాదు. నీరుండగా ప్రవహించు విద్యుత్తు.

బియ్యపు డబ్బాలో నుంచుట మన యిండ్లలో విరివిగా చెప్పు చిట్కా. అది మేలు చేయదు. మూసియున్న యంత్రములోని తడిని బియ్యము పీల్చలేదు. బియ్యపు పిండియు, నూకలును సందులలో చేరి క్రొత్త రోగము తెచ్చును. తడిసిన ఫోనులను బియ్యములో నుంచవలదని యాపిల్ సంస్థ 2024లో తన వినియోగదారులకు తెలిపినది. తల యార్చుకొను వేడిగాలి యంత్రమును గూడ వాడరాదు. ఆ వేడికి ప్లాస్టిక్కు పొరలు వంగును. తేనీరు, పాలు, కొబ్బరినీళ్ళు ఒలికిన యంత్రము పైకి పనిచేయుచున్నను లోపల శుభ్రపరపించుటకు పనివానికి చూపుట మంచిది. ఆ జిగట కొన్ని వారముల పిమ్మట గీతలను తినును.

తుపానుల మాట గూడ చెప్పవలసి యున్నది. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసెను. కరెంటు లేక తీరపు పల్లెలు పెక్కు దినములు చీకటిలో నుండెను. తుపాను వార్త వినగనే బియ్యము, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు చూచుకొనునట్లే ల్యాప్‌టాపును ప్లాస్టిక్కు సంచిలో చుట్టి, పెట్టె పై యరలో నుంచుట అలవాటు చేసికొనవలయును. అందున్న సర్టిఫికెట్ల నకళ్ళు మరల సంపాదించుట యంత్రమును కొనుటకన్న కష్టము.

మన చేయి ఆగవలసిన చోటు

తెలిసినంతవఱకు చేయుట యెంత వివేకమో, తెలియనిచోట నాగుటయు నంత వివేకము.

మీటలు మధ్యభాగమున పైకుబికినట్లు కనబడినను, వేలితో త్రిప్పు పలక లేచినను, మూత సరిగా మూతపడకున్నను, క్రిందనున్న బ్యాటరీ ఉబ్బిన దేమో యని భయపడవలయును. ఇది నలుసు పని కాదు. వెంటనే యంత్రము నార్పి, ఛార్జరు తీసివేసి, మరల ఛార్జి పెట్టక, నొక్కక, గ్రుచ్చక, మెత్తని పరుపులకును వంటగదికిని దూరముగ నుంచి, పనివానికి చూపవలయును. ఉబ్బిన లిథియం బ్యాటరీ గ్రుచ్చుకొన్నచో మండును. పిల్లలను దానిచెంతకు పోనీయరాదు. దానిని చెత్తకుండీలో గూడ వేయరాదు.

అక్షరపు బిళ్ళలను పెరికి క్రింద శుభ్రపరచుట చూచిన కొందఱు తామును పెరుకుదురు. ఆ కత్తెర చట్రపు కొక్కెములు గోరుకన్న సన్ననివి. ఒకటి విరిగినచో బిళ్ళ మరల నిలువదు. స్పేసు, ఎంటరు, షిఫ్టు వంటి పొడవు మీటల క్రింద ఇనుప తీగ కూడ నుండును. వానిని ఎంతమాత్రము పెరుకరాదు. రిబ్బను తీగను బిగించుటకు అడుగు మూత విప్పవలయును. హామీ గడువులో నున్న యంత్రమును మనమే విప్పినచో హామీ విషయమున తగాదా రావచ్చును.

పనివాని కిచ్చునపుడు

ఇన్ని చేసినను మీట మూగగనే యున్నచో పనివానియొద్దకు పోవలసినదే. ముందు వ్రాసికొన్న పట్టీ ఇప్పుడు విలువైనది. "ఈ నాలుగు మీటలు ఒకేమాఱు పోయినవి, బయటి కీబోర్డుతో చక్కగా వ్రాయగలుగుచున్నాము, లోపలి పుటలో గూడ ఇవి పలుకుటలేదు" అని చెప్పిన స్త్రీని చూచి యెవ్వరును మొత్తము యంత్రమే పోయినదని భయపెట్టజాలరు. కీబోర్డు పలక యొక్కటియే మార్చుటకు వీలగునా, లేక పై చట్రముతో కలిపి మార్చవలయునా యని యడుగుడు. కొన్ని నమూనాలలో కీబోర్డును చట్రమునకు అతికియుంతురు. అప్పుడు ఖర్చు హెచ్చును. క్రొత్త పలక యసలైనదా, దానికి హామీ యెంత యని యడిగి రసీదు పుచ్చుకొనుడు. భాగము దొరకక టెక్కలినుండి శ్రీకాకుళమునకో విశాఖపట్టణమునకో పంపవలసి వచ్చినను తొందరపడి క్రొత్త యంత్రము కొననేల? అంతవఱకు చౌకగా దొరకు బయటి కీబోర్డుతో చదువును, కొలువును సాగును.

ఇంతకన్న ముఖ్యమైన మాట యొకటి గలదు. ల్యాప్‌టాపు నిచ్చుట కుట్టుమిషను నిచ్చుటవంటిది కాదు. అందు మన కుటుంబపు ఛాయాచిత్రములు, బ్యాంకు కాగితములు, ఆడపిల్లల యుత్తరములు నుండును. కెనడా దేశమున గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బాగుచేయువారి నడవడిని పరీక్షించి 2022లో ఫలితములు వెల్లడించిరి. వారు ల్యాప్‌టాపులను దుకాణములకిచ్చి, లోపల నెవరేమి తెరచిరో తెలియునట్లు ఏర్పాటు చేసిరి. వివరములు దొరకిన 12 సందర్భములలో ఆఱింట పనివారు సొంతదారుల వ్యక్తిగత విషయములను తెరచి చూచిరి. రెండింట నకలు తీసికొనిరి. స్త్రీల పేరిట నిచ్చిన యంత్రములలోనే యీ చొరబాటు హెచ్చుగ నుండెను. పని చేయువారిలో నిజాయతీపరులే పెక్కురు. ఐనను తాళము మన చేతిలో నుండుట మేలు గదా!

కావున ఇచ్చుటకు ముందు మన దస్త్రములను, చిత్రములను వేఱొక డిస్కునకు ఎక్కించుకొని యింట నుంచవలయును. బ్రౌజరులో తెరచియున్న మెయిలు, బ్యాంకు ఖాతాలనుండి వెలుపలికి రావలయును. కీబోర్డు మార్చుటకు మన సంకేతపదముతో పనిలేదు. మీటలను లోపలి పుటలోనే పరీక్షింపవచ్చును. తప్పనిసరియైనచో పరీక్షకై వేఱొక ఖాతా నేర్పఱచి యియ్యవచ్చును. వీలైనచో మన యెదుటనే బాగుచేయించుకొనుట అన్నిటికన్న మంచిది. సంకేతపదము నొకరికి చెప్పవలసివచ్చినచో, యంత్రము చేతికి రాగానే దానిని మార్చివేయవలయును.

నిత్యము చేయదగినవి

చేతులు కడిగి తుడుచుకొని కాని మీటలు ముట్టరాదని పిల్లలకు నేర్పుడు. పుస్తకమును కాలితో త్రొక్కరాదని నేర్పినట్లే యిదియు నొక మర్యాద. పళ్ళెమును, గ్లాసును యంత్రమున్న బల్లపై నుంచక ప్రక్క పీటపై నుంచుడు. పక్షమున కొకసారి, పూజగది సర్దుకొను దినముననో, బీరువా దులుపుకొను దినముననో, కుంచెతో మీటల సందుల నూడ్వుడు. మూత మూయునపుడు పెన్ను, ఇయర్‌ఫోను లోపల నుండిపోలేదు గదా యని చూడుడు. ఆ యొత్తిడికి తెరయు మీటలును రెండును చెడును. ముఖ్యమైన దస్త్రములను మాసమున కొకసారియైనను వేఱొకచోట నకలు తీసియుంచుడు.

తొల్లి టైపు యంత్రము కార్యాలయములలో ప్రవేశించినపుడు స్త్రీలకు కొలువు తలుపులు తెరచిన సాధనములలో నది యొకటి. ఊరూర టైపు ఇన్‌స్టిట్యూటులలో మన తల్లులు, పినతల్లులు లోయరు, హయ్యరు పరీక్షలకై వ్రేళ్ళు నొప్పిపుట్టునట్లు సాధన చేసిరి. చుట్టుకొన్న రిబ్బనును విప్పుటయు, చిక్కుకొన్న యక్షరపు కమ్మీలను విడదీయుటయు వారికి వెన్నతో పెట్టిన విద్య. అవే మీటలు, దాదాపు అదే వరుసలో, నేడు మన యింటి బల్లపైకి వచ్చినవి. చేతికి నల్లని సిరా యంటకుండుట తప్ప వేఱు భేదమేమి?

యంత్రము ఎవరి పేర కొన్నదైనను, దానిని ప్రతిదినము తుడిచి, దాచి, కాపాడునది గృహిణియే. కాపాడు చేతికి దాని స్వభావము తెలిసియుండుట న్యాయము. ఒక మీట మూగవోయిన దినమున నింట నెవ్వరును కంగారుపడక, "అమ్మను పిలువుడు, ఆమె చూచును" అని పిల్లలు పలుకు నాడు, యీ నాలుగు మాటలు వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.